బోర్డో ద్రాక్షతోటల్లో మా బావ

ఫ్రాన్సులో, బోర్డో చుట్టుపక్కల ద్రాక్షతోటల మధ్య సైకిళ్ల మీద తిరిగి రావాలని తిరుపతిలోని మా పత్రికా విలేకరుల సైకిల్ జట్టు అనుకున్నప్పుడు, చిత్తూరు పక్క పల్లెలో ఉండే మా బావ తానూ వస్తానన్నాడు. అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడు తోతాపురి మామిడిని గుజ్జు ఫ్యాక్టరీలు సరిగా కొనలేదు. గేటు ముందు ట్రాక్టర్ల వరసలోనే బావ పడుకున్నాడు. కాయ ట్రాలీలోనే కుళ్లిపోయింది. తోట కొట్టేయమని అక్క పోరుతోంది. కట్టెల వ్యాపారి కూడా వచ్చి చూసిపోయాడు.

"ఆ దేశపోళ్లు గూడా కాయను పిండేదానికే గదప్పా పండించేది. వాళ్లెట్ట బతుకుతుండారో సూసొచ్చి సెప్తా" అని ఇద్దరినీ ఆపి బయల్దేరాడు.

రోజూ తోటకు సైకిల్ మీద పోయే మనిషి. ఎత్తు వస్తే మేం దిగి నడిచేవాళ్లం. ఆయన పైన నిలబడి, "రాండప్పా! పేపరోళ్లకు పెన్నుండాది గానీ కాళ్లు ల్యావు" అనేవాడు. వైన్ ముట్టలేదు. కోతల్లో మిగిలిపోయిన గుత్తి ఒకటి తెంపి నోట్లో వేసుకుని, "అంతా గింజలే. మనూర్లో ఉడత గూడా ముట్టదు" అన్నాడు.

ఒక మధ్యాహ్నం మలుపు తిరగగానే పెద్ద యంత్రం ఒకటి ద్రాక్ష మొదళ్లను వేళ్లతో సహా పెకలించి కుప్ప పోస్తోంది. ముసలి రైతు గట్టున నిలబడి చూస్తున్నాడు. బావ సైకిల్ దిగి అటు నడిచాడు.

"తెగులేమన్నా తగిలిందేమో అడుగు."

నేను మా గైడును ఇంగ్లీషులో అడిగితే, ఆమె రైతును వాళ్ల భాషలో అడిగింది. తెగులు లేదట. కొనేవాళ్లే లేరట. జనం వైన్ తాగడం తగ్గించారట.

"ఇంగేం నాటతాడంట?"

"ఏమీ నాటడంట బావా."

"సరిగ్గా అడిగినావా?"

"అడిగినా."

అంతలో రైతు, ఈయనది ఏం పంట అని అడిగాడు. మామిడి అని చెప్పించాను. ఆ ముఖం కాస్త వెలిగింది. మామిడి బాగుంటుందా అన్నాడు.

"బాగుంటాదని సెప్పు" అన్నాడు బావ. "పాపం, మన గోడు ఆయప్పకెందుకు."

అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేశాడు.

"కట్టెలాయన్ను రమ్మను."

నువ్వొచ్చేదాకా ఆగమందామా అని అక్క అడగడం నాకూ వినిపించింది.

"వద్దు. నేను ల్యానప్పుడే కొట్టేయమను."