గట్టు మీది వీరగల్లు

ఎనభైల్లో యూనివర్సిటీలో పురావస్తు శాస్త్రం చదివేటప్పుడు మా బ్యాచిలో పల్నాడు వాణ్ని నేనొక్కణ్నే. సెమినార్లలో అందరూ ఇంగ్లీషులో వాదించుకుంటుంటే వెనక బెంచీలో నోట్సు రాసుకుంటూ కూర్చునేవాణ్ని. అయిపోయాక అంతా కలిసి టీకి పోయేవాళ్లు. నన్నెవరూ పిలిచేవాళ్లు కాదు. పిలవకపోతే పీడా పోయిందని పైకి బింకంగానే ఉండేవాణ్ని గానీ, లోపల ఏడుపొచ్చేది.

పేపర్ చదివే నా వంతు వచ్చినప్పుడు, గురజాల దగ్గర మా మేనత్త మిరప చేను గట్టు మీదున్న వీరగల్లు గురించి రాద్దామనుకున్నాను. ఎప్పుడో పోరులో చచ్చిన వీరుడికి నిలిపిన రాయి అది. అత్త రోజూ సద్ది విప్పగానే మొదటి ముద్ద దాని ముందు పెట్టేది. ఫొటో తీస్తూ, ఏ వీరుడికి అత్తా ఇది అని అడిగాను.

"వీరుడేందిరా నీ మొహం! మీ మామ బతికున్నన్నాళ్లూ ఈ రాయికే ఆనుకొని తిన్నాడు. ఆయన పోయినకాడ్నుంచి పెడుతుండా. ఒక్కదాన్నే తినాలంటే దిగదురా."

సద్ది మూట ముడేస్తూ, "మీ మామ సంగతి ఆడ పెద్దోళ్లకి చెప్తావా?" అంది. చెబుతానని మాటిచ్చాను.

సెమినార్ రోజు తెర మీద స్లైడ్ పడింది. రాయి, అత్త చెయ్యి, అన్నం ముద్ద. వందల ఏళ్ల వీరపూజ నేటికీ తెగలేదని చదివాను. మామ మాటెత్తితే నా పేపర్ మొత్తం కూలిపోతుంది మరి. ఒక ప్రొఫెసర్ గారు, ముద్ద పెడుతున్న ఆమె ఎవరని అడిగారు.

"ఆ ఊరావిడండీ. పేరు తెలియదు" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఆ రోజు నన్నూ టీకి పిలిచారు. కూటి కోసం కోటి విద్యలంటారు, నేను టీ కోసం మా అత్తనే కాదన్నాను. తీరా కప్పు చేతికొచ్చాక ఒక్క గుక్క దిగలేదు.

సెలవులకి వెళితే అత్త చేలోనే ఉంది.

"చెప్పావా?"

"చెప్పా అత్తా."

"ఏమన్నారు?"

"చానా బాగుందన్నారు."

అత్త మొహం విప్పారింది. రాయి వైపు తిరిగి, "ఏమయ్యో, ఇన్నావా? నీ సంగతి పెద్దోళ్లకి తెలిసిందంట" అంది. సద్ది విప్పి రాయికో ముద్ద పెట్టి, నా చేతిలో ఒకటి పెట్టింది. వెనక బెంచీలో కూడా నేనెప్పుడూ అంత ఒంటరిగా లేను.