తోక పంకా బోరింగు వైపు

మా చిన్నప్పుడు... గాలివాన వెలిసిన మూడో రోజు పొద్దున్న, మా బడి ఆవరణలో హెలికాప్టర్ దిగింది.

కోడూరు దగ్గర మా ఊరు. చుట్టూ నీళ్ళు, రోడ్డు తెగిపోయింది. బడి ఒక్కటే మెరక మీద ఉండటంతో ఊరంతా అక్కడే తలదాచుకున్నాం. మందుల పెట్టెలు, పులిహోర పొట్లాలు దింపి, పావుగంటలో అది మళ్ళీ ఎగిరిపోయింది. అందరూ పొట్లాల చుట్టూ మూగారు... నేను మాత్రం చేదతాడు పట్టుకుని బురదలో దాని చక్రాల గుర్తులు కొలుస్తున్నాను!

అప్పుడు ఆరో తరగతి. ఏది చూసినా కొలిచి రాసుకోవడం నా అలవాటు. ముందు జంట చక్రాలు, వెనక చెరో వైపు ఒకటి. నెత్తిన అయిదు రెక్కలు. అన్నీ ఎక్కాల పుస్తకం వెనక అట్ట లోపల రాశాను. చివర్న ఇలా ఉంటుంది... "ముక్కు కాలవ వైపు. తోక పంకా బోరింగు వైపు."

మా మేనత్త కొడుకు బావ పక్కనే నిలబడి, "ఏమే మరదలా, అది మళ్ళీ వస్తే పావడా కుట్టిస్తావా, కొలతలు తీస్తున్నావు?" అన్నాడు.

పావడా కాదు గానీ, నెల తిరక్కుండా హెలికాప్టరే చేశాను. ఎండిన సొరకాయ బుర్ర... పొట్టకి పొట్ట, తోకకి తోక దేవుడే ఇచ్చాడు. తాటాకు రెక్కలు, సోడా మూతల చక్రాలు, చీపురు ఈనెల ఇరుసులు. బడిలో బల్ల మీద పెట్టారు. పిల్లలంతా వింతగా చూస్తున్నారు... ఇంతలో బావ వచ్చాడు.

"తోకకి రెండు పక్కలా పంకాలేంటే? ఒకటి తిప్పుతుంటే ఇంకోటి విసురుతుందా?"

ఒకటే నవ్వులు... నాకు ఏడుపొక్కటే తక్కువ. తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చెయ్యి కదా... కుడి పక్క ఒక మెలిక తిప్పితే, ఎడమ పక్కా తిప్పందే ఊరుకోదు.

నాన్నగారు అదే బడిలో లెక్కల మాస్టారు. నవ్వలేదు, కోప్పడలేదు. ఎక్కాల పుస్తకం తెప్పించి చూశారు.

"ఇక్కడ ఒకటే రాశావు కదమ్మా. మరి రెండోది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఒకటే ఉంటే అందంగా లేదండీ..."

"అందంగా చెయ్యమని ఎవరన్నారు? ఉన్నట్టు చెయ్యి."

రెండో పంకా అక్కడే పీకేశాను. ఆ మాట మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. గుడివాడలో కాపురం. మా అమ్మాయి పాత కంప్యూటర్ వాడకుండా పడి ఉంటే, మధ్యాహ్నం వంటిల్లు సర్దేసిన తర్వాత కూర్చుని, త్రీడీ బొమ్మలు చెయ్యడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇందులోనూ చుక్కలు పెట్టి గీతలు కలపడమే! విమానాలు నడిపే ఆట ఒకటుంది, ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. అందులో ఎగరడానికి మా ఊరొచ్చిన హెలికాప్టర్ చెయ్యాలనుకున్నాను. ఏడాది పైన పట్టింది. తలుపు గొళ్ళెం, అద్దం తుడిచే పుల్ల, సీటు బెల్టు బకిల్... ఒక్కటీ వదల్లేదు.

సగం చేసి "అద్దంలోలా రెండో పక్కా చెయ్యి" అని నొక్కితే, కంప్యూటరూ తోకకి రెండు పంకాలు పెట్టింది! ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వుకున్నాను. ఒకటి తీసేసి, చిన్నప్పుడు చూసిన గుర్తుకొద్దీ కుడి పక్కది ఉంచాను.

ఆ ఆట ఆడేవాళ్ళ గ్రూపులో పెట్టగానే మొదలైంది. "మేడమ్, పంకా తప్పు వైపు పెట్టారు. ఎడమకుండాలి." ఒకరు కాదు, పదిమంది. ఫొటోలు కూడా పెట్టారు... నిజమే, అన్నిట్లోనూ ఎడమ వైపే ఉంది. బావ ఫోన్ చేసి, "మళ్ళీ పంకా దగ్గరే దొరికిపోయావే!" అని ఒకటే నవ్వు. మావారేమో, "ఒక్క నొక్కుడే కదా, మార్చెయ్యరాదూ" అన్నారు.

చెయ్యి మౌస్ మీదే ఉంది. నొక్కలేకపోయాను. నేను చూసింది తప్పా? ఏడాది పనీ ఆ పంకా దగ్గర ఆగిపోయింది.

ఎక్కాల పుస్తకం బయటికి తీశాను. అందులో కుడీ ఎడమా లేవు... కాలవ, బోరింగు ఉన్నాయి. మర్నాడే మావారి బండెక్కి మా ఊరు వెళ్ళాను. బడికి కొత్త భవనాలు వచ్చేశాయి. కాలవ అక్కడే ఉంది. బోరింగు పిడి ఊడిపోయి, తుప్పుపట్టిన మోడు మిగిలింది. ఆవరణ మధ్యలో కాలవకి ఎదురుగా నిలబడ్డాను.

"ఏమండీ, బోరింగు నాకు ఏ చేతి వైపుంది?"

"కుడి," అన్నారు మావారు.

పుస్తకం పేజీ, ఆవరణ ఫొటో, రెండూ గ్రూపులో పెట్టాను. మూడో రోజు బందరు నుంచి ఒక పెద్దాయన రాశారు. హెలికాప్టర్ల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట. "అమ్మా, మీరే రైటు. ఆ రకంలో పాతవాటికి పంకా కుడి పక్కే. ఎడమకి మార్చింది తర్వాత వచ్చినవాటికి. ఈ కుర్రాళ్ళు పెట్టినవి కొత్తవాటి ఫొటోలు. పాతవాటికి నట్లు బిగించిన చేతులండీ ఇవి."

ఆ రాత్రి బావకి నేనే ఫోన్ చేశాను. "సరేలేవే, నువ్వే నెగ్గావు," అన్నాడు... నలభై ఏళ్ళకి!

ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో నా హెలికాప్టర్ నడుపుతున్నారు. నేనూ నడిపాను... బందరు మీదుగా వెళ్ళి మా ఊళ్ళో దింపాను. ఆ ఆటలో మా ఊరంటే ఉత్త పచ్చటి చదును. బడి లేదు, బోరింగు లేదు. అసలు ఊళ్ళోనూ ఇంకెన్నాళ్ళుంటుందో ఆ మోడు... అందుకే బోరింగు కూడా నేనే చేసి పెట్టాను, పిడితో సహా. ఇప్పుడు ఎవరు దిగినా సరే... ముక్కు కాలవ వైపు, పంకా బోరింగు వైపు.

మీరూ చిన్నప్పుడు ఏ పుస్తకం అట్ట వెనకో ఏదైనా రాసి దాచుకునే ఉంటారు... ఓసారి తీసి చూసి, ఏముందో చెప్పరూ?