మా తోడికోడలి చేగోడీలు

మొన్నామధ్య ఏలూరులో మా దూరపు చుట్టాలు కొత్త ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టించుకుంటే వెళ్ళాను. ప్రార్థన అయ్యాక తలా ఒక అట్టపెట్టె చేతిలో పెట్టారు. అందులో ఒక లడ్డూ, ఒక కాజా, చిన్న ప్లాస్టిక్ సంచీలో కొట్లో కొన్న చేగోడీలు. నా పక్కన కూర్చున్న కొత్త పెళ్ళికూతురెవరో ఒకటి నోట్లో వేసుకుని, "ఎంత గుల్లగా ఉన్నాయో కదండీ" అంది. ఆ పిల్ల మామూలుగానే అంది పాపం. కానీ ఆ మాట చెవిన పడగానే ఈ వయసులో కూడా నా గుండెలో ఎక్కడో చీమ కుట్టినట్టయింది. పెట్టె మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. నా ఈడువాళ్ళు, ఒకే వంటింట్లో తోడికోడలితో మెలిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆ చీమ ఎలాంటిదో విడమరిచి చెప్పక్కర్లేదు.

నేను తాడేపల్లిగూడెం కోడలినై వెళ్ళేనాటికి నాకు టీ పెట్టడం తప్ప మరో వంట రాదు. ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. ఏలూరులో గుమస్తాగా చేసే మా నాన్నగారు వండిన పప్పూ అన్నం, వీధి చివర హోటలు ఇడ్లీ తిని పెరిగి, తర్వాత హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదివినదాన్ని. పిండివంటలంటే పక్కింటివాళ్ళు పళ్ళెంలో పెట్టి పంపేవి అనే అనుకునేదాన్ని. అలాంటిది, పెళ్ళయ్యాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కి మా అత్తగారు నన్ను పీట ముందు కూర్చోబెట్టి, గోరువెచ్చటి పిండిముద్ద నా అరచేతిలో పెట్టి, నా చేతి మీద తన చెయ్యి వేసి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తాడులా సాగదీయడం చూపిస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది. కారం కళ్ళలో పడిందనుకుని ఆవిడ తన కొంగు తడిపి నా కళ్ళు తుడిచారు. కాదని నేను చెప్పలేదు. అమ్మ చెయ్యి అంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

చేగోడీలు చూడటానికి సులువే గాని మహా మొండివి. ఎసట్లో ఉప్పూ కారం, నానబెట్టిన పెసరపప్పు, కాస్త నెయ్యి వేసి, తెర్లుతుండగా బియ్యప్పిండి పోసి కలిపి మూత పెట్టాలి. నీళ్ళు ఎక్కువైతే నూనె తాగేస్తాయి, పిండి సరిగ్గా ఉడకకపోతే బాణట్లో టపాకాయల్లా పేలతాయి. చుట్టేటప్పుడు కొసలు సరిగ్గా అతకకపోతే నూనెలో నోళ్ళు తెరుచుకుంటాయి. మా అత్తగారివి కాస్త లావుగా, గట్టిగా, కరకరమంటూ ఉండేవి. నేనూ అచ్చం అలాగే నేర్చుకున్నాను. ఏలూరులో బడికి డబ్బాలో పట్టుకెళ్తే తోటి టీచర్లు మెచ్చుకునేవారు. ఆ ఇంట్లో నాకంటూ దొరికిన ఆస్తి అదేనని నా గర్వం.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత మా మరిదికి పెళ్ళయింది. పిల్లది కొల్లేటి లంకల్లో ఊరు. వాళ్ళ నాన్నకి చేపల చెరువుంది, మరిది ఆయనతో కలిసి చేపల వ్యాపారంలోకి దిగాడు. చిన్నప్పటినుంచి వలలు అల్లిన చేతులు కావడం వల్లనో ఏమో, మా తోడికోడలి వేళ్ళు అంత సన్నటివి కాకపోయినా మహా చురుకైనవి. మొదటి క్రిస్మస్‌కి పీట ముందు కూర్చుని, ఎవరూ చెప్పకుండానే, పిండిని దారంలా సాగదీసి చంటిపిల్ల గాజంత చేగోడీలు చుట్టి నూనెలో వేసింది. ఒక్కటి పేలలేదు, ఒక్కటి విడిపోలేదు. నోట్లో వేసుకుంటే పంటి అవసరం లేకుండా పువ్వులా విడిపోయాయి. మా అత్తగారు ఒకటి అందుకుని, తినకుండా చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయారు. ఆ చూపు నాకు గుచ్చుకుంది.

ఆ తర్వాత మా ఇంట్లో చర్చి స్త్రీల ప్రార్థన కూడిక జరిగింది. రెండు పళ్ళాల్లో నావీ, తనవీ పెట్టాం. పాస్టరు గారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, సన్న చేగోడీ ఒకటి తిని ఎవరు చేశారని అడిగారు. మా అత్తగారు మొహం విప్పార్చుకుని, "మా చిన్నకోడలండీ. ఎంత గుల్లగా చేస్తుందో చూశారా! పళ్ళు కదిలిపోయిన లోటు నాకు తెలియనివ్వట్లేదండి" అన్నారు. రెండో పళ్ళెం సంగతి ఎవరూ అడగలేదు. నేను టీ గ్లాసులు పోగుచేసే వంకతో లోపలికి వెళ్ళిపోయాను.

అక్కడినుంచి మొదలైంది నా కుళ్ళు. పొద్దున్నే నేను పాసింజరు బండెక్కి ఏలూరు వెళ్ళేదాన్ని, సాయంత్రం మళ్ళీ బండెక్కి భీమడోలు, పూళ్ళ దాటుకుంటూ వచ్చేదాన్ని. గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆ ఇద్దరూ మంచం పక్కన పీటలు వేసుకుని ఏదో చుట్టుకుంటూనో, ఏరుకుంటూనో కనిపించేవారు. నన్ను చూడగానే మాట ఆగిపోయేది. తోడికోడలు లేచి, "రండి అక్కయ్యా, టీ పెడతానండి" అనేది. ఆ ఆగిపోయిన మాటేమిటో నాకెవరూ చెప్పేవారు కారు. ఒకరోజు అత్తగారు దాని జడ వేస్తూ కనిపించారు. నా తల మీద ఆవిడ దువ్వెన ఎన్నడూ పడలేదు. నేను బండి టైముకి పరుగెత్తే మనిషిని, ఎప్పుడు వేస్తారు మరి? అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గాని, ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే పంతం పట్టి నేనూ సన్నవి చుట్టాను. పిండి ఎక్కడ తేడా వచ్చిందో, బాణట్లో వేసిన వాయి వేసినట్టే పేలి, ఒకటి ఎగిరి గోడకి అతుక్కుంది. తోడికోడలు మూత పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "అక్కయ్యా, వెనక్కి జరగండి!" అంటూ నన్ను లాగింది. అత్తగారు గోడ మీది నూనె మరక చూసి మెత్తగానే అన్నారు: "నీ చేతికి అలవాటైనవి చేసుకోమ్మా పెద్దమ్మాయ్, దాంతో నీకు పోటీ ఎందుకు?" ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం పేలిన నూనె మీద పడ్డా అంత మండేది కాదు.

తర్వాత కొన్నేళ్ళకి, సరస్సుని ఆక్రమించి తవ్వారని కొల్లేట్లో చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళు తెగ్గొట్టించారు. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఎవరి నోట విన్నా అదే మాట. మా తోడికోడలి పుట్టింటివాళ్ళ చెరువూ అందులో పోయింది, దాంతోపాటు మరిది వ్యాపారమూ పోయింది. జంగారెడ్డిగూడెం వైపు పామాయిలు తోటల్లో ఎవరో పని చూపిస్తే భార్యనీ, చంటిదాన్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ కష్టానికి నాకు బాధ లేకపోలేదు. అయినా వాళ్ళు బస్సెక్కిన సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి, డబ్బాలన్నీ పూర్వంలా సర్దుకుంటుంటే, చాలాకాలానికి నా ఊపిరి నేను పీల్చుకున్నట్టనిపించింది.

ఆ సుఖం ఎన్నాళ్ళో లేదు. ముసురు పట్టిన ఒక ఉదయం మా అత్తగారి చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. మూతి పక్కకి వెళ్ళింది, కుడి చెయ్యి లేవలేదు. ఏలూరు ఆసుపత్రిలో ఉంచి, ఇంక ఇంటి దగ్గరే చూసుకోమంటే తీసుకొచ్చాం. నేను బడికి లాంగ్ లీవు పెట్టాను. నీళ్ళు పోశాను, పక్కలు మార్చాను, జావ కాచి చెంచాతో పట్టాను. ఇన్నేళ్ళకి ఆవిడ పగళ్ళు నా చేతికొచ్చాయి గదా అనుకున్నాను. ఆవిడ మాత్రం రోజురోజుకీ తిండి మానేస్తూ వచ్చారు. ఒక మధ్యాహ్నం నా వైపు చూసి, మాట తిరగని నాలుకతో, "గుల్ల... గుల్ల..." అన్నారు.

ఎవరివి అడుగుతున్నారో నాకు తెలుసు. అయినా నేనే కూర్చుని నాకు చేతనైనంత బాగా చేగోడీలు చేసి, చిదిపి, టీలో నానబెట్టి నోటికందించాను. నాలుకతో బయటికి నెట్టేసి గోడవైపు తిరిగిపోయారు. మళ్ళీ అదే మాట. కాసేపు ఆ గిన్నె పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆవిడ నాకు దక్కడం ముఖ్యమా, నా చేగోడీ నెగ్గడం ముఖ్యమా? లేచి జంగారెడ్డిగూడెం ఫోను చేశాను.

మర్నాడు మధ్యాహ్నానికల్లా తోడికోడలు చంటిదాన్ని చంకనేసుకుని బస్సు దిగింది. ఎండకి నల్లబడింది, చిక్కిపోయింది. కాళ్ళు కడుక్కుని నేరుగా మంచం దగ్గరికి వెళ్తే, అత్తగారు సగం మూతితోనే నవ్వారు. అన్నాళ్ళు పక్కబట్టలు ఉతికిన నాకు ఆ నవ్వు ఒక్కసారి కూడా రాలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్నదాన్ని, దాచుకోవడమెందుకు, ఆ నిమిషంలో కూడా ఏడవలేదు, కుళ్ళుకున్నాను.

నేను ఎసరు పెట్టి పిండి ఉడికించి తెచ్చాను. మంచం పక్కనే పీటలు వేసుకుని చుట్టడం మొదలుపెట్టాం. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని చుట్టడం అదే మొదటిసారి. తోడికోడలు తలెత్తకుండానే అంది:

"మీరు బడికెళ్ళాక రోజూ ఇక్కడే కూర్చునేవాళ్ళమండీ. ఆ పాప కబుర్లే చెప్పేవారు."

"ఏ పాప?"

దాని చేతులు ఆగిపోయాయి. అత్తగారి వైపు చూసింది. ఆవిడ కళ్ళు మూసి తెరిచారు.

"బావగారి కంటే ముందు పుట్టిన పాపండీ. అడుగులు వేసే ఈడుకి జ్వరమొచ్చి పోయిందంట. మొదటిసారి నేను చుట్టినవి చూసి, 'ఇంతే ఉండేవే దాని గాజులు' అన్నారండీ. అప్పట్నించీ నాతో చెప్పుకునేవారు."

మా ఆయనకి తనకంటే ముందొక అక్క ఉందని తెలియదు. నాకూ తెలియదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీకు చెప్పొద్దన్నారండీ. 'పెద్దమ్మాయి అసలే తల్లి లేని పిల్ల, పోయినవాళ్ళ గోడు దాని నెత్తిన ఎందుకే' అన్నారు." చుట్టిన చేగోడీ పళ్ళెంలో పెట్టి మళ్ళీ అంది: "నాకెంత కుళ్ళుగా ఉండేదోనండీ అక్కయ్యా. మీ కంట తడి రాకూడదని ఆవిడకి అంత ఇదిగా ఉండేది. నా దగ్గర ఆ మొహమాటమే లేదు. ఆవిడ ఏడ్చినన్నాళ్ళూ నన్నూ ఏడిపించారు."

ఒకరికి దుఃఖం చెప్పుకున్నారు, ఒకరికి దుఃఖం తగలకుండా చూసుకున్నారు. ఇందులో ఏది పెద్ద ప్రేమో ఆ రోజు నాకు తెలియలేదు.

తోడికోడలు వేయించి తెచ్చిన చేగోడీ ఎడమచేత్తో పట్టుకుని, మా అత్తగారు కొంచెం కొంచెంగా, నెమ్మదిగా మొత్తం తిన్నారు. రెండోది అడిగారు. నేను మంచం మీదకి వంగి, "అత్తయ్యా, పాప పేరేమిటి?" అన్నాను. ఆవిడ చెప్పబోయారు. చాలా కష్టపడ్డారు. ఒక శబ్దమైతే వచ్చింది గాని అందులో పేరు లేదు. మళ్ళీ ప్రయత్నించి, అలిసిపోయి, నా చెయ్యి పట్టుకుని ఊరుకున్నారు. నేను తోడికోడలి వైపు చూశాను. "పేరు నాకూ చెప్పలేదండీ. పాప, పాప అనే అనేవారు" అంది. అప్పుడు మాత్రం ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత ఆవిడ తిండిలో పడి కొన్నాళ్ళు తేరుకున్నారు, మరుసటి వర్షాకాలం రాకముందే వెళ్ళిపోయారు. ఆ పేరు మా ఇద్దరిలో ఎవరికీ దక్కలేదు.

ఇప్పుడు చేగోడీలు చేసే ఓపిక నాకూ లేదు, జంగారెడ్డిగూడెంలో మా తోడికోడలికీ లేదు. దాని మణికట్లు నొప్పులట. ఊరూరా కొట్లలో సంచీలు వేలాడుతున్నాయి, కొనుక్కుంటున్నాం, బాగానే ఉంటున్నాయి, వాటిని తప్పు పట్టను. కాని చేతులకి పనుండి, కళ్ళు పీట మీదికి వాలి ఉన్నప్పుడు నోటికొచ్చే మాటలు ఎదురెదురుగా సోఫాల్లో కూర్చుంటే రావు. ఇప్పటి అత్తాకోడళ్ళు మాకంటే మర్యాదగా ఉంటున్నారు, ఒకరిని చూసి ఒకరు కుళ్ళుకునేంత దగ్గరగా మాత్రం ఎవరూ కూర్చోవడం లేదు. ఇప్పటికీ తోడికోడలు ఫోను చేసి, ఓసారి అత్తయ్యగారు ఇలా అన్నారండీ అని నేనెరగని కబురేదో చెబుతుంది. ముందు నాకు కుళ్ళే వస్తుంది, కన్నీళ్ళు ఆ తర్వాతే. నేను బండి కిటికీ పక్కన కూర్చుని పూళ్ళ దాటుతున్న ఆ సాయంత్రాలలో, ఆ ఇంట్లో ఆ ఇద్దరూ ఇంకా ఏమేం చెప్పుకున్నారో!