రేకుల షెడ్డులో నాలుగో జ్వరం

2021 సెప్టెంబరు 15, బుధవారం, ఉదయం ఆరుంబావు. ధూళిమిట్ట దగ్గరి ఒక పల్లెలో, కనకయ్య, రేణుక దంపతుల పట్టుపురుగుల షెడ్డులో నేను సున్నం చల్లించిన సమయం అది. హుస్నాబాద్ వైపు రైతులకు పట్టు పెంపకంలో సాంకేతిక సలహాలివ్వడం నా ఉద్యోగం. అప్పటికి ఆ ఉద్యోగంలో ఇరవై తొమ్మిదేళ్లు నిండాయి. విరమణకు ఇంకా ఐదు నెలలున్నాయి.

సున్నం ఎందుకో చెప్పాలి. పట్టుపురుగు పెరిగే కాలంలో నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా కూర్చుని చర్మం విడుస్తుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. పడక పొడిగా ఉండడానికి అప్పుడు పొడి సున్నం చల్లుతాం. ఆ తర్వాత తలుపు వేస్తాం. ఎవరూ లోపలికి పోరు, తాకరు. నూటికి తొంభై ఐదు లేచేదాకా ఆకు వేయకూడదు. నాలుగో జ్వరానికి ముప్పై గంటలు పడుతుంది.

కనకయ్య వలసపోయి పదహారేళ్లు భీవండిలో మగ్గం నడిపి తిరిగొచ్చాడు. షెడ్డు రేకుకు ఫోం పూత వేయించాక ఇదే మొదటి పంట. ఇది దక్కితే ఉంటాడు, లేకపోతే మళ్లీ భీవండి. రేణుక ఈ మాట నాకు ముందే చెప్పింది.

ఆ ఏప్రిల్‌లో షెడ్డు లోపల నలభై ఒక్క డిగ్రీలు కొలిచాను. పురుగుకు కావలసింది ఇరవై ఐదు. రెండు దారులున్నాయి. రేకు కింద సీలింగు వేసి, రెంటి నడుమ చేరే వేడి బయటికి పోయేలా చూరు కింద సందులు ఉంచి, కప్పు నడినెత్తిన గాలికి తిరిగే గుమ్మటాలు పెట్టడం ఒకటి. రేకు లోపలివైపు ఫోం కొట్టించడం రెండోది. నురుగులా పడి గట్టిపడే ఆ పూత రేకు వేడిని లోపలికి రానివ్వదు. రేణుక గుమ్మటాలే కావాలంది. నేను వేడి లెక్కలు వేసి ఫోం అని రాసిచ్చాను. కొట్టినవాళ్లు గోడకూ రేకుకూ మధ్య సందులన్నీ పూడ్చేశారు. నేను చూసి కూడా ఊరుకున్నాను. వాసన పోవడానికి షెడ్డును రెండు నెలలు ఖాళీగా ఉంచాం.

"గిది షెడ్డు గాదు మేడం, ఫ్రిజ్," అన్నాడు కనకయ్య. "పురుగుల్ని అవుతలికి పంపి మేమే పండుకుంటం."

గురువారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు ముప్పై గంటలు నిండాయి. తలుపు కొద్దిగా తీసి చూశాను. అరలన్నీ తెల్లగా ఉన్నాయి. పురుగులు తలలెత్తి అలాగే ఉన్నాయి. వాన జల్లుకు కిటికీలు మూసి ఉన్నాయి. బయట వాన కురుస్తోంది, లోపల మాత్రం రేకు మీద చినుకు చప్పుడు కూడా లేదు. గుమ్మం పక్కన రెండు థర్మామీటర్లుంటాయి. ఒకదానికి తడి ఒత్తి చుడతాం. రెండింటి తేడాను బట్టి గాలిలో తేమ తెలుస్తుంది. రెండూ ఇరవై ఐదే చూపించాయి. తేడా లేదంటే గాలి నిండా తేమ ఉన్నట్టు; కాని ఒత్తి తడి ఆరిపోయినా అలాగే చూపిస్తాయి. "ఒత్తి మార్చాలి" అని రిజిస్టరులో రాశాను. రాత్రి వాన చల్లదనానికి జ్వరం ఆలస్యమై ఉంటుందని, ఇంకా ఆగమన్నాను.

రేణుక తలుపుకు చెవి ఆనించింది. "జ్వరంల ఉంటే ఇల్లు ఊకుంటది మేడం. గిది ఊకున్నట్టు లేదు. లోపట ఎవ్వలు లేనట్టుంది."

"పురుగులు నీకు ఫోన్ జేసి చెప్పినయా?" అన్నాడు కనకయ్య. నేనూ నవ్వాను.

శుక్రవారం ఉదయం ఆరుంబావుకు నలభై ఎనిమిది గంటలు. ఈసారి లోపలికి వెళ్లి, మెత్తటి కుంచెతో ఒక పురుగు మీది సున్నం దులిపాను. తెలుపు పోలేదు. ఇంకోదాన్ని దులిపాను, అదీ అంతే. వేలితో తాకితే సుద్దముక్కలా గట్టిగా ఉంది. తల ఎత్తే ఉంది. అర తర్వాత అర, అన్నీ ఒకే తీరుగా తలలెత్తి ఉన్నాయి. కొన్ని సున్నంతో తెల్లగా ఉన్నాయి, మిగతావి వాటంతట అవే తెల్లబడ్డాయి. సున్నకట్టు రోగం, తేమలో పెరిగే బూజు. థర్మామీటరు ఒత్తిని పట్టుకున్నాను. నీళ్లు కారాయి.

రేణుక నా వెనక నిలబడి ఉంది. "లెవ్వయి గదా," అంది. లేవవన్నాను.

ఆకుల తడి, పురుగుల ఊపిరి, వానాకాలపు గాలి అన్నీ ఆ షెడ్డులోనే నిలిచిపోయాయి. ఫోం బయటి వేడిని ఆపుతుంది గాని లోపలి ఆవిరిని బయటికి పంపదు. ప్రాణమున్నవి ఉండే ఇంటికి ముందు గాలి పోయే తోవ చూడాలి, వేడి సంగతి ఆ తర్వాత. విరమణ దాకా ప్రతి షెడ్డుకూ ఆ వరుసలోనే రాశాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను: కొలత నమ్మశక్యంగా లేకపోతే ఒత్తిని తాకి చూడాలి, తాకకముందే రిజిస్టరులో ఏదో కారణం రాయకూడదు.

పోయినవి: పురుగులు, సుమారు ఎనభై వేలు. పదకొండు రోజులు కోసిన మల్బరీ ఆకు. నేను ఆగమన్న పద్దెనిమిది గంటలు. అక్టోబరు 3, ఆదివారం, భీవండి బస్సెక్కిన కనకయ్య.