కల్లంలో నా మొదటి ప్రసంగం

సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో నేను నర్సుగా చేరిన కొత్త. రొమ్ము క్యాన్సర్ గురించి ఆడవాళ్ళకు చెప్పాలని ఫోన్ చేత్తో పట్టుకుని మిరప కల్లానికి వెళ్ళాను. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న కూలీలు నన్ను చూడగానే మాటలు ఆపేశారు.

"ఎవరు పంపారమ్మా నిన్ను?" అని సుబ్బాయమ్మ అనే పెద్దావిడ అడిగింది.

"ఆసుపత్రి నుంచి వచ్చానండి."

"ఆసుపత్రోళ్ళకి కల్లంలో ఏం పని? మేం పని చేస్తన్నామో లేదో చూసి రమ్మన్నాడా ఆసామి? ముందా ఫోన్ లోపల పెట్టు."

నేను చెప్పాల్సిందంతా ఆ ఫోన్‌లోనే రాసుకున్నాను. దాన్ని సంచిలో వేసి, ఏం చేయాలో తోచక వాళ్ళ పక్కనే కూర్చుని కాయలు ఏరసాగాను. చెమట పడితే అలవాటుగా ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. అంతే, కళ్ళలో నిప్పులు పోసినట్టయింది! "అమ్మో!" అని అరుస్తూ లేచి, దారి కనబడక మిరపకాయల రాశి మీదే బోర్లా పడ్డాను.

కల్లమంతా ఒకటే నవ్వు. సుబ్బాయమ్మే నా తల ఒళ్ళో పెట్టుకుని కళ్ళు కడిగింది. "నిన్ను ఆసామి పంపలేదులే పిచ్చిపిల్లా. పంపితే ఈమాత్రం తెలిసినదాన్నే పంపేవాడు. ఇప్పుడు చెప్పు" అంది.

కళ్ళు మూసుకునే, తోచినట్టు చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. కాసేపటికి సుబ్బాయమ్మ నా చెవి దగ్గరికి వంగి, "నాకో గడ్డుందమ్మా. ఎవరికీ చెప్పలా" అంది.

మర్నాడే ఆమెను గుంటూరు తీసుకెళ్ళాను. సమయానికి వైద్యం అందడంతో ఇప్పుడు ఆమె బాగుంది. ఎక్కడైనా జనం నన్ను అనుమానంగా చూస్తే ఇప్పుడు నేను నొచ్చుకోను. ఆ చూపు వెనక ఏ భయం ఉందోనని ముందు వాళ్ళ పక్కన కూర్చుంటాను.