గుండీ పళ్లు తోమిన హొన్నూరమ్మ

బళ్లారిలో కుట్టిన జీన్స్ ప్యాంటు ఏ ఊరి కుర్రవాడి ఒంటి మీదికి వెళ్లినా, దానికి ముందు గాంధీనగర్ అవతలి సందుల్లో ఏదో ఒక ఆడమనిషి ఒడిలో కాసేపు ఉండే వెళ్తుంది. మిషన్ మీద నుంచి దిగిన ప్యాంటుకు నాలుగు పక్కలా దారపు కొసలు వేలాడుతుంటాయి. అవి కత్తిరిస్తేనే అది సరుకు. ఆ పనికి కార్ఖానాలో చోటుండదు, కూర్చోవడానికి పీట ఉండదు. మూటలు కట్టి ఇళ్లకు పంపేస్తారు. ఇల్లు ఆడవాళ్లది, లైటు వాళ్లది, నడుము నొప్పి వాళ్లది. ప్యాంటు మీద పేరు మాత్రం ఇంకెవరిదో.

హొన్నూరమ్మ ఆ పనిలో ఆరితేరిన మనిషి. కత్తెర కుడిచేతిలో ఉంటుంది, కళ్లు వీధిలో ఉంటాయి. ఎడమచేతి చూపుడు వేలు ఒక్కటే కుట్టు వెంట మెల్లగా నడుస్తూ పోతుంది. కొస తగిలిన చోట ఆగుతుంది, కత్తెర అక్కడికి వచ్చి వాలుతుంది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు కళ్లతో వెతికి సాయంత్రానికి తలనొప్పి తెచ్చుకుంటారు. ఆమె మాట్లాడుతూ, నవ్వుతూ, దారిన పోయేవాళ్లను పలకరిస్తూ మూట ఖాళీ చేస్తుంది.

ఆ మూటల్లోనే ఒకసారి పిల్లిపిల్ల వచ్చింది. ప్యాంట్ల మధ్య దూరి నిద్రపోయి, ముడి విప్పేసరికి కళ్లు తెరిచింది. ఇత్తడి గుండీల్లా మెరిసిపోతున్న ఆ కళ్లు చూసి హొన్నూరమ్మ దానికి గుండీ అని పేరు పెట్టింది. పెరిగి పెద్దదయ్యాక కూడా గుండీకి ప్యాంట్ల కుప్పే పరుపు.

ఈ చలికాలంలో గుండీ నోటి నుంచి కంపు మొదలైంది. మొదట హొన్నూరమ్మ పట్టించుకోలేదు. పిల్లి నోరు కదా, అట్లాగే ఉంటుందనుకుంది. తరవాత చూస్తే అది అన్నం ముద్దను ఒక పక్కనే నములుతోంది. నమిలింది సగం కింద పడేస్తోంది. గిన్నె దగ్గరికి ఆశగా పోయి, మూతి పెట్టి, వెనక్కి వచ్చేస్తోంది. పడుకున్న చోటల్లా జొల్లు మరక.

ఒక మధ్యాహ్నం హంపేశ్ వచ్చి గడపలోనే ఆగిపోయాడు. కార్ఖానాకూ ఈ సందుకూ మధ్య మూటలు తిప్పే మేస్త్రీ అతనే.

"ఏంది హొన్నూరక్కా ఈ వాసన? ఎలుక ఏమన్నా సచ్చిందా ఇంట్ల?"

"ఎలుక సస్తే నాకు తెలీదా. గుండీ నోరప్పా. ఏమయ్యిందో పాపం."

"పాపం నాది. నిన్న నీ మాల్ విప్పితే సేటు ముక్కు మూసుకున్నాడు. ప్యాంట్ల మింద అంతా జొల్లు. వాపస్ కొట్టినారు. ఈ బెక్కును, ఈ పాడు పిల్లిని, యాడన్నా ఇడిసిపెట్టు. ఇది ఈడ ఉన్నన్నాళ్లు నీకు మాల్ లేదు."

"ఇది వచ్చింది నీ మూటలోనే గదప్పా."

"మూటలో తేలొచ్చింటే తేలును కూడా సాకుతావా?"

బండి తిప్పుకుని అతను ఎదురింటి దురుగమ్మ గడప ముందు ఆగాడు. హొన్నూరమ్మకు రావలసిన మూట అక్కడ దిగింది.

సాయంత్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసి ఇంటికొచ్చిన మొగుడు పక్కీరప్ప సంగతంతా విని తేలిగ్గా తేల్చేశాడు. "సంచిలో ఏసుకోని పోయి కాలువ అవతల ఇడిసొస్తాలే. ఆడ చేపలుంటాయి. రాజా మాదిరి బతుకుతాది."

"నోరు పుండు పెట్టుకోని చేపలు నములుతాదా? నీకు పన్ను నొచ్చి ఊరంతా అరిసినప్పుడు నిన్ను కాలువ అవతల ఇడిసొచ్చినానా?"

పక్కీరప్పది క్రూరత్వమేమీ కాదు. పని చేయలేనిదాన్ని సంచిలో వేసి కాలువ దాటించడం మన దగ్గర ఎవరికీ తప్పుగా తోచదు. మనుషుల విషయంలో సంచి కనిపించదు, అంతే తేడా. నడుము పడిపోయిన హమాలీని, చూపు తగ్గిన దారాలామెను ఏ సంచిలో వేసి ఎక్కడ వదిలారో ఎవరైనా వెతికారా?

హొన్నూరమ్మ వదలదలచుకోలేదు. అయితే ఆమె మొదట చేసింది తప్పే. ఆ సందులో అందరూ పళ్లు తోముకునేది బొరుగుల బట్టీ బూడిదతో. ఊక కాలిన తెల్లటి బూడిద, అందులో నూరిన ఉప్పు. బట్టీవాళ్లు ఊరికే ఇస్తారు, డబ్బాలో పోసుకుని వాడుకుంటారు. తన పళ్లకు మంచిదైంది పిల్లి పళ్లకు చెడ్డదెట్లా అవుతుంది? పక్కీరప్పను కాళ్లు పట్టుకోమని, వేలిని బూడిదలో ముంచి గుండీ దవడలో పెట్టి గట్టిగా రుద్దింది. పిల్లి అరిచిన అరుపుకు దురుగమ్మ పరుగెత్తుకొచ్చింది. గుండీ కొరికిన వేలు బయటికి తీస్తే ఎర్రగా ఉంది. ఆ రక్తం గుండీదీ, తనదీ కూడా.

గుండీ అటక ఎక్కి కూర్చుంది. పిలిస్తే రాలేదు. పాలు పెడితే దిగలేదు. తన చేయి చూస్తేనే అది వెనక్కి జరగడం హొన్నూరమ్మకు కరిచిన నొప్పికన్నా ఎక్కువగా తగిలింది.

"మంచి చేయబోయి చంపుతాండానేమోనే దురుగీ," అంది.

"పశువుల ఆసుపత్రికి తీసకపో. బర్రెలకే గాదు, పిల్లులకూ చూస్తారంట."

మరునాడు అటక మీదనుంచి దాన్ని దించడానికి పొద్దెక్కింది. సంచి చూస్తే పారిపోతోంది. అందుకని ఇంట్లో మిగిలిపోయిన డామేజి ప్యాంటు ఒకటి తీసి, ఒక కాలికి మోకాలి దగ్గర ముడి వేసి, గుండీని అందులోకి జారవిడిచింది. తల ఒక్కటి నడుము దగ్గర బయటికి పెట్టింది. అలవాటైన బట్ట వాసనకేమో అది గింజుకోలేదు. బస్సులో కండక్టరు చూసి, "టిక్కెట్టు ప్యాంటుకా, పిల్లికా అమ్మా?" అన్నాడు. "రెండూ నా ఒళ్లోనే ఉండాయి గదప్పా," అంది హొన్నూరమ్మ.

ఆసుపత్రిలో బర్రెలు, మేకలు, వాటి పేడ దాటుకుంటూ డాక్టరు యశస్విని దగ్గరికి చేరింది. ఆ డాక్టరమ్మ ప్యాంటులో ఉన్న పిల్లిని చూసి నవ్వింది గాని, నోరు తెరిచి చూశాక నవ్వు ఆగిపోయింది.

"దీని నోట్లో ఏం పెట్టినావమ్మా?"

"బట్టీ బూడిద, ఉప్పు. మేమంతా దాంతోనే తోముకుంటామమ్మా."

"నువ్వు తోముకోని ఉమ్మేస్తావు. అది ఉమ్మేది యాడ నేర్చుకుంది? అంతా కడుపులోకే పోతాది. వాచిన చిగురు మీద బూడిద రుద్దితే గరుకు కాగితం రాసినట్లే."

హొన్నూరమ్మ తల దించుకుంది. డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "తెచ్చినావు, అది చాలు. చానామంది తేరు. పిల్లి నోరు కంపు కొట్టేది మామూలే అనుకుంటారు. కాదు. కంపు వచ్చిందంటే లోపల ఏదో చెడిందని. ఇదో చూడు, పన్ను మొదట్లో పసుపురంగు గార. దాని కింద చిగురు ఎర్రగా. ఈ దవడ పన్ను కుళ్లిపోయింది. ఇది నిలవదు."

మత్తు ఇచ్చి ఆ పన్ను తీసేసింది, గార గీకింది, మందు రాసిచ్చింది. పుండు మానేవరకు నోట్లో వేలు పెట్టొద్దంది. మానాక మాత్రం రోజూ శుభ్రం చేస్తే మళ్లీ గార కట్టదని, మెత్తటి బట్ట చాలని చెప్పింది. పిల్లులకని వేరే పేస్టు దొరుకుతుంది, దొరక్కపోతే వట్టి నీళ్లు. మనుషుల పేస్టు, ఉప్పు, లవంగ నూనె దగ్గరికే రానివ్వొద్దు. నోరు తెరవాల్సిన పని లేదు, పెదవి పైకెత్తి బయటి వైపు తుడిస్తే సరి.

"నీ పళ్లెట్లుండాయమ్మా?" అని కూడా అడిగింది పోతూ పోతూ.

హొన్నూరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కత్తెర చేతికందనప్పుడు దారం పంటితో కొరికీ కొరికీ ముందు పళ్లు అరిగిపోయాయి. ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి డాక్టరు పశువుల డాక్టరే. ఈ జిల్లాలో కూలి మనిషి వైద్యం ఎంతవరకు వచ్చిందో దీన్నిబట్టే చెప్పొచ్చు.

పుండు మానింది. ఇక అసలు కష్టం. ప్యాంటు జేబుల లోపలికి వేసే తెల్లటి మెత్తటి బట్ట ముక్క వేలికి చుట్టుకుని కూర్చుంటే గుండీ వీధిలోకి పారిపోయింది. పక్కీరప్పను పట్టుకోమంటే అతని మోచేయి చీరింది. "దీనికన్నా వడ్ల బస్తా మేలు, గీరదు," అన్నాడతను మోచేతికి పసుపు అద్దుకుంటూ.

పనిలేని ఒడి హొన్నూరమ్మకు కొత్త. ఒక పొద్దున ఊరికే కూర్చోలేక ఆ డామేజి ప్యాంటునే ఒడిలో పరుచుకుని, లేని దారాలు తడుముతూ కూర్చుంది. గుండీ వచ్చింది. పాత అలవాటుగా ప్యాంటు మీదికెక్కి ముడుచుకుంది. హొన్నూరమ్మ దానివైపు చూడలేదు. కళ్లు వీధిలోనే ఉంచి, కుట్టు వెంట పోతున్న వేలిని అట్లాగే నడిపించి, పిల్లి చెంప మీదికి ఎక్కించి, మళ్లీ కుట్టు మీదికి దించింది. గుండీ చెవి ఆడించి ఊరుకుంది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఎదురుగా కూర్చుని, పట్టుకుని, దాని కళ్లలోకి చూస్తేనే భయం. పని చేసుకునే చేతికి అది భయపడదు.

ఆ రోజుకు అంతే. తరవాత కోడిమాంసం ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన నీళ్లలో వేలు ముంచి నాకనిచ్చింది. ఇంకో రోజు అదే నీటితో తడిపిన బట్ట వేలికి చుట్టి నాకనిచ్చింది. అది మూతి తిప్పుకుంటే వెంటనే వదిలేసింది. బతిమాలలేదు, వెంట పడలేదు. తిని కడుపు నిండి కునుకు పట్టే వేళ చూసుకుని పెదవి కొంచెం ఎత్తింది. ఒక కోర పన్ను తుడిచింది. చాలనుకుంది. మెల్లగా కోర నుంచి దవడ వైపు, చిగురూ పన్నూ కలిసే గీత వెంట, జీన్స్ కుట్టు మీద నడిచినట్టే వేలు నడవడం నేర్చుకుంది. గరుకు తగిలిన చోట రుద్దలేదు, మరోసారి మెత్తగా నడిచింది. అయిపోయాక చిటికెడు కోడిమాంసం. బట్ట మీద ఎర్రటి మరక వచ్చిందా అని రోజూ వెలుతురులో పెట్టి చూసుకునేది. పిల్లి ఆవులిస్తే వంగి వాసన చూసేది.

"ముద్దు పెట్టుకుంటాండావా ఏమి?" అనేది దురుగమ్మ ఎదురింటి నుంచి.

"నీ మొగుని నోరుకన్నా మేలే."

"అది నిజమేలే."

నవ్వులు బాగానే ఉన్నాయి గాని, దురుగమ్మ గడపలో మూటలు పేరుకుపోతున్నాయి. మొదట్లో ఆమె కాదనలేదు, ఎవరు కాదంటారు? కానీ రెండిళ్ల పని ఒక చేతి మీద పడేసరికి వేళ్లు పొక్కిపోయాయి. పైగా ఎదురుగా ఖాళీ ఒడితో కూర్చున్న మనిషిని చూస్తూ ఆమె కూడు తను తింటున్నట్టు ఉండేది. హంపేశ్ మళ్లీ మూట దించబోతే అడ్డం నిలబడింది.

"ఆయక్క మాల్ నాకు బేడ, వద్దు. ఆడనే ఏసుకో పో."

"ఆడ బెక్కు ఉండాది."

"రేపు నాకు జరమొస్తే నన్నూ యాడన్నా ఇడిసిపెట్టమంటావు. మీ కార్ఖానా మా సందులోకి ఇడిసే రంగునీళ్ల కంపుకు మా పిల్లోళ్లు దగ్గుతాండారు. దానికి ఏ సేటు ముక్కు మూసుకున్నాడు?"

పక్క గడపలవాళ్లు కూడా బయటికి వచ్చి నిలబడ్డారు. తీసుకుంటామని ఎవరూ అనలేదు. దయ వల్లనా, వేళ్ల నొప్పి వల్లనా అంటే రెండూ. ఐకమత్యం పుట్టేది చాలాసార్లు అట్లాగే.

హంపేశ్ మూట భుజాన వేసుకుని హొన్నూరమ్మ గడప దగ్గరికి వచ్చాడు. లోపల గుండీ ఒళ్లో ఉంది. ఆమె ఎడమచేత్తో దాని పెదవి ఎత్తి, బట్ట చుట్టిన వేలితో దవడ తుడుస్తోంది. పిల్లి సగం కళ్లు మూసుకుని ఉంది. హంపేశ్ అలవాటుగా ముక్కు మీద చేయి పెట్టుకున్నాడు. కాసేపటికి తీసేశాడు. ఒకసారి గాలి పీల్చి చూశాడు.

"వాసన లేదే."

"దగ్గరికొచ్చి చూడప్పా. కరవదు."

అతను వంగాడు. గుండీ అతని ముఖంలోకే ఆవులించింది. అతను తల వెనక్కి తీసుకోలేదు.

"సరి," అన్నాడు. "బిరిగ్గా కానీ అక్కా. రేపటికి కావాల్ల ఈ మాల్. మూట యాడ దించల్ల?"

హొన్నూరమ్మ తలెత్తలేదు. ఇన్నేళ్లలో మేస్త్రీ వస్తే చేతిలో ముద్ద వదిలేసి లేచిన మనిషి ఆమె. ఇప్పుడు లేస్తే పిల్లి బెదురుతుంది. ఇన్నాళ్ల పని మళ్లీ మొదటికొస్తుంది. బట్టను మడత మార్చి, శుభ్రమైన వైపు వేలికి చుట్టుకుంది.

"నిలబడప్పా కొంచెంసేపు. ఇంకో పక్క ఉండాది."

హంపేశ్ భుజం మీద మూటతో గడపలోనే నిలబడ్డాడు.