ట్రే మోసిన మణికట్టు

ఊరి చివర గోల్ఫ్ మైదానంలో ఏటా జరిగే జోడీల పోటీ దగ్గరపడింది. ఊళ్లో ఒక హోటల్లో పనిచేసే సర్వర్‌ను పట్టుకున్న దిగులు మాత్రం పోటీ గురించి కాదు, జోడీ గురించి. అతని మామగారు ఒకప్పుడు ఆ మైదానంలోనే గడ్డి కోసేవారు. ఆయన కొడుకూ కూతురూ అక్కడే ఆడుతూ పెరిగారు. ఏటా వారిద్దరే జోడీ కట్టేవారు. ఈసారి ఆ కూతురు, అంటే సర్వర్ భార్య, అతనికి ఒక అవకాశమిచ్చింది.

"ఈ ఆదివారం మీ బంతి ఒక్కసారి చెరువు దాటితే చాలు, మనిద్దరం ఆడదాం. దాటకపోతే అన్నయ్యే నా జోడీ. తర్వాత మొహం ముడుచుకుంటే కుదరదు."

అతని బంతి ఆనాటివరకు చెరువు దాటిన పాపాన పోలేదు. కర్ర ఎత్తినప్పుడు అతని చేతులు చెక్కల్లా బిగుసుకుపోయేవి.

"మణికట్టు మడవండీ," అని ఆమె మొత్తుకునేది.

"ఇన్నేళ్లుగా ట్రే మోస్తున్న చెయ్యి ఇది! మణికట్టు వంచితే సూపు ఎవరి ఒళ్లో పడుతుందో నీకేం తెలుసు? వంచకపోబట్టే నా ఉద్యోగం నిలిచింది."

"చేపలకు కూడా మీరే వడ్డిస్తున్నారుగా బావగారూ," అనేవాడు ఆమె అన్న. "బంతి వెనక బంతి!"

శనివారం మధ్యాహ్నం ఆమె గదిలో బట్టలు మడతపెడుతోంది. ఇస్త్రీ బల్లకూ బీరువాకూ మధ్యనున్న ఇరుకు దారిలో అతడు అలవాటు కొద్దీ టీ కప్పుల ట్రేను భుజం మీదికెత్తి తెస్తున్నాడు.

"ఏమండీ, కదలకండి!"

"ఏమైంది? బల్లి పడిందా?"

"బల్లీ లేదు, గిల్లీ లేదు. అద్దంలో మీ చెయ్యి చూసుకోండి."

బీరువా అద్దంలో చూశాడు. అరచెయ్యి పైకప్పును చూస్తోంది. మణికట్టు పూర్తిగా వెనక్కి వంగి ఉంది. ట్రే తొణకకుండా నిలిచింది ఆ వంపు వల్లనే. ఎన్నడూ వంచలేదనుకున్న మణికట్టును అతడు రోజూ వంచుతూనే ఉన్నాడు! తెల్లబోయి, ఆపైన పకపకా నవ్వాడు.

ఆమె ముందు కప్పులను కాపాడి, తర్వాత ట్రే తీసేసి, అతని చేతుల్లో కర్ర పెట్టింది.

"కుడిచెయ్యి అలాగే పైకి వెళ్లాలి. ఎడమచెయ్యి దాని వెంటే వస్తుంది."

కర్ర తనంతట తానే నిటారుగా లేచింది.

"మరి దించేటప్పుడు?"

"కప్పులు ఇంకా ట్రే మీదే ఉన్నాయనుకోండి. చేతులు నడుము దాకా దిగేవరకూ ఆ వంపు వదలకండి. ఆ తర్వాత పగిలితే పగలనీయండి."

"ఎవరు ఊడుస్తారు?"

"మా అన్నయ్య."

ఆదివారం ఉదయం ఆ అన్నయ్య తన కర్రలన్నీ తళతళలాడేలా తుడుచుకుని చెరువుగట్టున బెంచీ మీద కూర్చున్నాడు. సర్వర్ కొట్టిన మొదటి బంతి చెరువులో బుడుంగున మునిగింది. తొందరపడి మణికట్టును ముందే వదిలేశాడు.

"చేపలు నిద్ర లేచాయి బావగారూ. టిఫిన్ అందింది!"

అతడు ఇంకో బంతి పెట్టాడు. మళ్లీ కర్ర ఎత్తాడు. అరచేతిలో ట్రే బరువు తెలిసింది. కప్పులను నడుము దాకా భద్రంగా దించి, అక్కడ వదిలేశాడు. దెబ్బ ఖంగుమంది. బంతి చెరువు దాటి, అవతలి గట్టు బురదకు తగిలి, ఎలాగో పైకి పాకి, పడితే తీయడం కష్టమైన ఇసుకగుంత పక్కన ఆగింది.

ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఇసుకకు బెత్తెడు దూరంలో ఆపారు. పోటీలో ఇలాగే ఆపండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

అన్నయ్య కర్రలను సంచిలోకి దోపుతూ నిట్టూర్చాడు. "అయితే పోటీ రోజున నాకేం పని?"

సర్వర్ కుడిచెయ్యి భుజం మీదికెత్తి, అరచెయ్యి తెరిచి చూపించాడు.

"మీరు టీ పట్టుకురండి బావగారూ. మణికట్టు మాత్రం బాగా వంచాలి, లేకపోతే ఒలుకుతుంది."